ఆరు రెక్కల మీద సముద్రం

జపాన్ చిత్రకళ మీద వచ్చిన ఏ పుస్తకం తిరగేసినా మడత తెరల బొమ్మలు రెండు పేజీల మీద చదునుగా పరిచి కనిపిస్తాయి. బంగారు నేల, నీలపు నీళ్లు, ఆ నీళ్లలో నిలబడ్డ ఎర్రటి ద్వారం, దాని చుట్టూ యాత్రికుల పడవలు. అచ్చులో ఆ బొమ్మ ముచ్చటగానే ఉంటుంది, కాదనను. కానీ అందులో సగం తప్పిపోయింది. బ్యోబు అని పిలిచే ఈ తెర గోడకు తగిలించే పటం కాదు. గదిలో నేల మీద తనంతట తాను నిలబడే సామాను. నిలబడాలంటే అది వంకరటింకరగా మడతలు పడి ఉండాలి. పూర్తిగా చాపి నిలబెడితే ముందుకో వెనక్కో పడిపోతుంది. గదిలోకి వచ్చే గాలిని ఆపడం, నలుగురిలో చాటు కల్పించడం, వేడుకకు వెనక తెరగా నిలవడం దాని అసలు ఉద్యోగం. దాని మీద సముద్రం వేసినవాడికి ఈ సంగతులన్నీ తెలుసు. మడతల్ని లెక్కలోకి తీసుకునే కుంచె పట్టాడు.

ఈ తెర జపాన్‌లో పుట్టలేదు. చైనాలో పుట్టి కొరియా మీదుగా చేరింది. 686లో కొరియాలోని సిల్లా రాజ్యం జపాన్ దర్బారుకు పంపిన కానుకల్లో మడత తెరలున్నాయని నిహోన్ షోకి అనే ప్రాచీన చరిత్ర గ్రంథం చెబుతుంది. నారా పట్టణంలోని షోసోయిన్ ఖజానాలో 8వ శతాబ్దపు తెర రెక్కలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. చెట్ల కింద స్త్రీల బొమ్మలవి. చైనాలో ఆ తర్వాత తెర వేరే దారి పట్టింది. లక్క మీద చెక్కి రంగులు నింపిన బరువైన చైనా తెరలు 17వ శతాబ్దం నుంచి మన తూర్పు తీరపు రేవుల మీదుగా యూరప్ చేరాయి. అక్కడివాళ్లు వాటికి కోరమాండల్ తెరలని మన తీరం పేరే పెట్టేశారు. జపాన్ తెరకూ వాటికీ పోలిక తక్కువ. జపాన్ తెర కర్రా కాగితమే. పనయ్యాక మడిచి గోడవార పెట్టేయవచ్చు.

కాగితం అన్న ఆ మాట దగ్గరే కాస్త ఆగాలి. పాత తెరల్లో ప్రతి రెక్కకూ చుట్టూ పట్టు అంచు ఉండేది. అంచుల్లో రంధ్రాలు చేసి తోలు పట్టీలతోనో తాళ్లతోనో రెక్కల్ని కలిపేవారు. ఆరు రెక్కలుంటే ఆరు చట్రాలు, ఆరు వేర్వేరు బొమ్మలు, రెక్కకూ రెక్కకూ మధ్య సందు. చెట్టు కింద ఒక స్త్రీని చూపించడానికి అది చాలు, సముద్రానికి చాలదు. 14వ శతాబ్దంలో జపాన్ తెరల్లోకి కాగితపు కీలు వచ్చింది. దాని పనితనం ఇదీ. పక్కపక్కన పెట్టిన రెండు రెక్కల నిలువు అంచుల్ని పైనుంచి కిందికి కొన్ని భాగాలుగా గుర్తిస్తారు. మొదటి భాగంలో గట్టి కాగితపు పట్టీని ఎడమ రెక్క ముందువైపు అంటించి, రెండు అంచుల మధ్యగా వెనక్కి దూర్చి, కుడి రెక్క వెనకవైపు అంటిస్తారు. రెండో భాగంలో అంతా తారుమారు: ఎడమ రెక్క వెనక మొదలై కుడి రెక్క ముందుకు వస్తుంది. అడుగు దాకా ఇలాగే ఒకదాని తర్వాత ఒకటి మార్చుకుంటూ పోతారు. పట్టీలన్నీ కలిసి రెండు అంచుల్నీ ఒకదానికొకటి బిగించి పట్టుకుంటాయి. రెక్క ముందుకూ మడుచుకుంటుంది, వెనక్కూ మడుచుకుంటుంది, సందు మాత్రం కనిపించదు. ఎక్కడా ఇనుప ముక్క లేదు.

ఇక ప్రతి రెక్కకూ విడి చట్రం అక్కర్లేదు. లక్క పూసిన చట్రం తెర బయటి అంచులకే పరిమితమైంది. ఒకటిన్నర మీటర్ల ఎత్తు, మూడున్నర మీటర్లకు పైగా పొడవు ఉన్న ఒకే నేల చిత్రకారుడి చేతికొచ్చింది. తెరలు సాధారణంగా జతగా చేస్తారు కాబట్టి రెండూ కలిపితే ఏడు మీటర్లు. అల ఇప్పుడు కుడి చివర లేచి ఎడమ చివర దాకా విరగకుండా పోగలదు. జపాన్ తెరల మీదికి సముద్రాన్ని తెచ్చింది కుంచె కంటే ముందు ఈ కాగితపు పట్టీయేనని నా నమ్మకం.

సముద్రం వచ్చాక దాని ఒడ్డున గుడి రాకుండా ఉంటుందా? 17వ శతాబ్దపు తెరల్లో రెండు షింతో ఆలయాలు పదేపదే కనిపిస్తాయి. ఒకటి ఒసాకాలోని సుమియోషి. ఓడ ప్రయాణాల్ని కాచే దేవుళ్ల ఆలయమది. పూర్వం చైనాకు వెళ్లే రాయబారులు అక్కడ మొక్కుకుని బయల్దేరేవారు. రెండోది హిరోషిమా ఖాతంలో మియజిమ దీవి మీది ఇత్సుకుషిమ. ఆటుపోట్లు వచ్చిపోయే చోటే స్తంభాలెత్తి కట్టిన గుడి. ఇప్పుడున్న నిర్మాణపు తీరును 1168లో తైరా నో కియోమొరి అనే యోధ నాయకుడు తీర్చిదిద్దాడు. 1643లో హయషి గహో అనే పండితుడు దేశంలోని మేటి దృశ్యాలు మూడింటిని పేర్కొంటే అందులో ఇత్సుకుషిమ ఒకటి. మిగతా రెండూ, మత్సుషిమ, అమనోహషిదతే, సముద్రతీరాలే. ఆ తర్వాత తెరల జతల్లో ఒకదాని మీద ఇత్సుకుషిమను, రెండోదాని మీద మరో పేరున్న తీరాన్ని వేయడం వాడుకైంది.

ఇక్కడ మనకో చుట్టరికం కూడా ఉంది. ఇత్సుకుషిమ దేవతను శతాబ్దాల పాటు బెంజైతెన్‌గా కొలిచారు. బెంజైతెన్ అంటే బౌద్ధం వెంట చైనా మీదుగా జపాన్ చేరిన మన సరస్వతీదేవి. వీణ స్థానంలో బివా అనే వాద్యం పట్టుకుంటుంది. 1868లో ప్రభుత్వం షింతోనూ బౌద్ధాన్నీ విడదీయడంతో ఆమె విగ్రహం పక్కనే ఉన్న దైగన్‌జి అనే బౌద్ధాలయానికి మారింది. తెర మీద పడవ దిగి గుడివైపు నడుస్తున్న ఆ యాత్రికుడు బాసర వెళ్లొచ్చినవాళ్లకు మరీ పరాయివాడేం కాదు.

తీర ఆలయాల తెరల్లో నాకు తలమానికంగా తోచేది తవరయా సోతత్సు వేసిన సుమియోషి. 1631 నాటిది. క్యోటోలోని దైగోజి ఆలయం కోసం వేసిన జతలో ఇదొకటి. ఇప్పుడు టోక్యోలోని సెయికదో సేకరణలో జాతీయ సంపదగా ఉంది. కథ గెంజి మొనొగతారి అనే పాత జపాన్ నవలలోది. రాజకుమారుడు గెంజి మొక్కు తీర్చుకోవడానికి పెద్ద పరివారంతో సుమియోషి వస్తాడు. అతనివల్ల బిడ్డను కన్న ఆకాషి వనిత అదే రోజు పడవలో అక్కడికే వస్తుంది. ఒడ్డున ఆ అట్టహాసం చూసి, తన స్థాయేమిటో గుర్తొచ్చి, కలవకుండానే వెనుదిరుగుతుంది. సోతత్సు ఈ ఇద్దరిలో ఒక్కరినీ చూపించలేదు. గెంజి ఎద్దుబండి లోపల ఉన్నాడు. ఆమె దూరాన నీళ్ల మీద పడవ లోపల ఉంది. మనకు కనిపించేవి ఎద్దుబండి, దాని చుట్టూ పరిచారకులు, సముద్రతీరపు పైన్ చెట్లు, గుడి ద్వారం, వంపు తిరిగిన వంతెన, ఓ మూల పడవ. బండికీ పడవకూ మధ్య బంగారం, నీళ్లు. అచ్చు బొమ్మలో ఆ దూరం కొలతకు దొరుకుతుంది. తెర మడిచి నిలబెడితే దొరకదు.

ఎందుకు దొరకదో లెక్క వేసి చూడవచ్చు. రెక్క వెడల్పు 60 సెంటీమీటర్లు అనుకుందాం. ప్రతి రెక్కా గోడ గీతకు 30 డిగ్రీలు తిరిగి, ఒకటి కుడికీ ఒకటి ఎడమకీ ముఖం పెట్టి ఉన్నాయి. ఎదురుగా, కాస్త దూరంలో నిలబడితే ప్రతి రెక్కా దాదాపు 52 సెంటీమీటర్లుగా కనిపిస్తుంది. ఇప్పుడు కుడివైపు జరిగి 45 డిగ్రీల ఏటవాలులో చూడండి. మీవైపు తిరిగిన రెక్క 58 సెంటీమీటర్లకు విచ్చుకుంటుంది, అవతలికి తిరిగింది పదిహేనున్నరకు కుంచించుకుపోతుంది. ఆ రెండో రెక్క మీద పడవ ఉంటే అది తన వెడల్పులో నాలుగోవంతు సన్నటి చీలికై కనిపిస్తుంది. ఎడమవైపు నడిచేకొద్దీ పడవ విచ్చుకుంటూ వస్తుంది, అప్పటిదాకా విచ్చుకుని ఉన్న గుడి మెల్లగా ముడుచుకుంటుంది. బొమ్మ కదలదు, మీరే కదులుతారు. అయినా పడవ వచ్చినట్టూ, గుడి వెనకబడినట్టూ ఉంటుంది. జపనీయులు బొమ్మను కుడినుంచి ఎడమకు చదువుతారు కాబట్టి నడక దిశ కూడా చిత్రకారుడికి ముందే తెలుసు.

ఇన్ని మడతలు వేస్తే బొమ్మ ముక్కలై పోవాలి కదా? యూరప్ చిత్రకారులు ఇష్టపడ్డ దృష్టికోణంతో వేస్తే అలాగే అయ్యేది. అందులో గీతలన్నీ దూరంగా ఒకే బిందువు దగ్గర కలుస్తాయి, చూసేవాడి కన్ను ఒకేచోట కదలకుండా ఉండాలి. దాన్ని మడిస్తే ఆ బిందువు ఆరు ముక్కలవుతుంది, కట్టడాలన్నీ వంకర్లు పోతాయి. జపాన్ తెరల్లో గుడి వసారాల గీతలు ఎంత దూరం పోయినా సమాంతరంగానే, ఏటవాలుగా సాగుతాయి. పక్షి కంటితో పైనుంచి చూసినట్టుంటుంది కానీ ఆ పక్షి ఒకచోట ఆగదు. చూపుకు స్థిరమైన చోటు లేదు కాబట్టి మడత దాన్ని చెడగొట్టలేదు. దీన్ని చేతగానితనమని రాసిన పాశ్చాత్యులు ఒకప్పుడు లేకపోలేదు. ఆ తెరను మడిచి నిలబెట్టి చూసి ఉండరు.

మధ్యమధ్య బంగారు మేఘాలు మరో సాయం చేస్తాయి. ఓడరేవు నుంచి గుడికి, గుడి నుంచి కొండకు ఉండే దూరాల్ని మేఘం కింద దాచేస్తారు. రెండు చోట్ల మధ్య ఏముందో చిత్రకారుడికి తెలియకపోయినా మేఘం పరువు కాపాడుతుంది. కొన్ని తెరల్లో మేఘపు అంచుల్ని ఆల్చిప్పల సున్నంతో ఉబ్బెత్తుగా పోసి, దాని మీద బంగారు రేకు అద్దుతారు.

ఆ బంగారం ఎంత పడుతుంది? గది నిండా మెరుస్తుంటే కిలోల కొద్దీ ఉందనిపిస్తుంది. జపాన్‌లో బంగారు రేకు దాదాపు అంతా తయారయ్యే కనజావాలో నేటి రేకు మందం మిల్లీమీటరులో పదివేలో వంతు. కొద్దిగా వెండి, రాగి కలిపిన బంగారాన్ని ప్రత్యేకంగా తయారుచేసిన కాగితాల మధ్య పెట్టి కొట్టి కొట్టి ఆ పలుచదనానికి తెస్తారు. ఒక్క గ్రాము బంగారం ఆ మందంలో అర చదరపు మీటరు పరుచుకుంటుంది. మిఠాయి మీద వెండి రేకు చూసినవాళ్లకు ఈ పలుచదనం ఊహకందుతుంది. తెర వైశాల్యం దాదాపు ఐదున్నర చదరపు మీటర్లు. అంటే పూర్తిగా కప్పినా పదకొండు గ్రాములు దాటదు, జతకు సుమారు రెండు తులాలు. కోతల్లో పోయేది, ఒకదాని మీద ఒకటి ఎక్కించేది వేరే. నేటి కొలతలో రేకు పక్కకు 10.9 సెంటీమీటర్లు, ఒక్కో తెరకు నాలుగున్నర వందల రేకులు కావాలి. రేకుల అంచులు కలిసే చోట బంగారం రెండు పొరలై సన్నటి గళ్లు పడతాయి. మ్యూజియంలో దగ్గరికెళ్లి చూస్తే సముద్రం వెనక ఆ గళ్లు కనిపిస్తాయి.

ఈ బంగారం ఆడంబరానికే అనుకుంటే పొరపాటు. అప్పటి ఇళ్లలో వెలుగు పైనుంచి వచ్చేది కాదు. పగలు కాగితపు తలుపుల్లోంచి పక్కవాటుగా, రాత్రి నేల మీది దీపం నుంచి వచ్చేది. బంగారం నీలి, ఊదా కాంతిని మింగి పసుపు, ఎరుపు కాంతిని వెనక్కి కొడుతుంది. దీపపు వెలుగులో ఉన్నదే పసుపు, ఎరుపు. కాబట్టి చీకటి గదిలో ఉన్న కాస్త వెలుగూ దాదాపు వృథా కాకుండా తిరిగొస్తుంది. పైగా రెక్కలు ఒకటి దీపంవైపు, ఒకటి అవతలికి తిరిగి ఉంటాయి. ఒక రెక్క మండుతుంటే పక్కది గోధుమరంగులో మునిగి ఉంటుంది. దీపం చలిస్తే ఆ వెలుగునీడలు కదులుతాయి. మ్యూజియంలో పైకప్పు నుంచి సమంగా పడే విద్యుత్ వెలుగులో ఇది మొత్తం పోతుంది.

నీటి రంగు విషయం మరోలా ఉంటుంది. నీలం అజురైట్, పచ్చ మాలకైట్. రెండూ రాగి ఖనిజాలు. రాయిని నూరి, జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసిన జిగురులో కలిపి పూస్తారు. ఒకే రాయి నుంచి ఎన్నో నీలాలు రావడం దీని విశేషం. గరుకుగా నూరితే ముదురు నీలం, మెత్తగా నూరేకొద్దీ లేత నీలం. రేణువు పెద్దదైతే కాంతి దాని లోపల ఎక్కువ దూరం ప్రయాణించి ఎక్కువ రంగు తీసుకుంటుంది. చిన్నదైతే అంచుల దగ్గరే చెదిరి తెల్లబడి తిరిగొస్తుంది. లోతు నీళ్లు, ఒడ్డు నీళ్లు రెండూ ఒకే రోట్లోంచి వచ్చాయన్నమాట. ఇదే రాగి తెరకు శత్రువు కూడా. కాలం గడిచేకొద్దీ రాగి అణువులు కాగితపు నారను ఆక్సీకరణ చెందిస్తాయి. పచ్చ రంగు మందంగా పూసిన పైన్ చెట్ల కింద కాగితం కాలినట్టు గోధుమరంగుకు తిరిగి, పెళుసై రాలుతుంది. వెండి రేకుతో వేసిన నీళ్లదీ ఇలాంటి గతే: గాలిలోని గంధకంతో కలిసి వెండి సల్ఫైడై నల్లబడింది. కొన్ని తెరల్లో నది ఎందుకింత నల్లగా ఉందని అడిగితే, వేసిన రోజున అది తెల్లగా మెరుస్తుండేదన్నదే జవాబు.

ఇన్ని గండాలున్నా మూడు నాలుగు వందల ఏళ్ల తెరలు మిగిలాయంటే కారణం లోపలుంది. రెక్క లోపల సన్నని కర్రలతో చేసిన గడుల చట్రం, దాని మీద పొరలు పొరలుగా కోజో నార కాగితం. ఆ పొరల్లో ఒకదాన్ని మొత్తం అంటించరు. చిన్న చిన్న ముక్కల అంచులకే గోధుమ జిగురు రాసి, మధ్యలో గాలి ఉండేలా వదిలేస్తారు. వానాకాలపు తేమకు కర్ర ఉబ్బి, చలికాలంలో కుంచించుకున్నప్పుడు ఆ లాగుడునంతా ఈ వదులు పొర తీసుకుంటుంది, పైనున్న బొమ్మకు తగలనివ్వదు. తరాల తర్వాత తెర శిథిలమైతే బొమ్మను విప్పి, కొత్త చట్రానికి ఎక్కిస్తారు. విప్పడానికి వీలుగానే ఆ జిగురు నీళ్లకు వదులుతుంది.

తెరల మీద ఇత్సుకుషిమ ఎప్పుడూ నిండు పోటులోనే ఉంటుంది. అసలు గుడి దగ్గర నీళ్లు రోజుకు రెండుసార్లు వచ్చి రెండుసార్లు పోతాయి. హిరోషిమా ఖాతంలో పెద్ద పోట్లకు, పాటులకు మధ్య తేడా నాలుగు మీటర్ల దాకా ఉంటుంది. నీటిమట్టం 250 సెంటీమీటర్లు దాటితే గుడి తేలుతున్నట్టుంటుంది, 100 కంటే తగ్గితే తోరీ అనే ఆ పెద్ద ద్వారం దాకా బురదలో నడిచిపోవచ్చు. చిత్రకారుడు బురదను వేయలేదు, ఎవరూ డబ్బిచ్చి బురద కొనుక్కోరు. ఇప్పుడున్న తోరీ 1875లో తిరిగి కట్టింది. కాబట్టి పాత తెరల్లోది దీని పూర్వీకురాలు. పదహారున్నర మీటర్ల ఎత్తు, 60 టన్నుల బరువు. కర్పూర వృక్షపు మానులే ప్రధాన స్తంభాలు. వాటిని నేలలో లోతుగా పాతలేదు, తన బరువుతోనే నిలబడుతుంది. పై దూలం పెట్టెలా బోలుగా ఉండి, లోపల సుమారు ఏడు టన్నుల రాళ్లు నింపి ఉంటాయి. గుడి వసారాల్లో నేల పలకల మధ్య సందులు వదిలారు. తుపాను నీళ్లు కిందినుంచి తన్నుకొస్తే ఆ సందుల్లోంచి పైకి వచ్చి ఒత్తిడి తగ్గుతుంది, పలకలు లేచిపోవు.

తెర ఎప్పటిదో తేల్చడానికి ఈ కట్టడాలే పరిశోధకులకు ఆధారం. ఐదంతస్తుల పగోడా 1407లో వచ్చింది. అప్పటి పాలకుడు హిదెయొషి 1587లో మొదలుపెట్టించి అసంపూర్తిగా వదిలేసిన వెయ్యి చాపల మండపం బొమ్మలో ఉంటే, తెర ఆ సంవత్సరానికి తర్వాతిదే. మండపం లేకపోతే మాత్రం ఏమీ రుజువు కాదు. చిత్రకారులు తరచూ గుడికి వెళ్లకుండానే గురువుగారి పాత నమూనా చూసి వేసేవారు. అందుకే దుస్తుల తీరు, జుట్టు ముడి, యాత్రికుడి చేతిలో పొగాకు గొట్టం లాంటివి కూడా కలిపి చూస్తారు.

సుమియోషికి సంబంధించి మాత్రం తెర దస్తావేజు పని చేస్తుంది. సోతత్సు వేసిన రోజుల్లో గుడి ముందు తీరం ఉండేది. 1704లో యమతో నది దారి మళ్లించి దక్షిణాన సముద్రంలో కలిపాక, అది తెచ్చిన ఒండ్రుతో తీరం పడమటికి జరిగింది. తర్వాత కొత్త పొలాలు, ఆ తర్వాత రేవులు, పరిశ్రమల కోసం సముద్రాన్ని పూడ్చుకుంటూ పోయారు. ఈరోజు సుమియోషి గుడి నగరం నడిమధ్య, సముద్రానికి కొన్ని కిలోమీటర్ల లోపల ఉంది. వంపు వంతెన ఇప్పటికీ ఉంది కానీ కింద ఉన్నది చెరువు. ఆ గుడి సముద్రపు ఒడ్డుదని కంటికి చూపించేవి పాత బొమ్మలే.

ఈ తెరల్ని స్వయంగా చూడాలనుకునేవారికి ఒక మాట. కాంతికి రంగులు దెబ్బతింటాయని జపాన్‌లో ఇలాంటి జాతీయ సంపదను ఏడాదికి మొత్తం 60 రోజులకు మించి ప్రదర్శించకూడదని మార్గదర్శకం ఉంది. సోతత్సు సుమియోషి ఉన్న సెయికదో ప్రదర్శనశాల 2022 నుంచి టోక్యోలోని మరునౌచి ప్రాంతంలో నడుస్తోంది. అక్కడా అది ఏడాది పొడవునా ఉండదు. కాబట్టి ముందు ప్రదర్శన తేదీలు చూసుకుని, ఆ తర్వాతే విమానం టికెట్ కొనండి. అక్కడికి వెళ్లాక కుడివైపు నుంచి మొదలుపెట్టి, వీలైతే కాస్త కిందికి వంగి, ఎడమకు నడుస్తూ చూడండి.